దర్మాజి కొండచిలువలు, జుమెనో వాన

మా తమ్ముడు దర్మాజి కోడిగుడ్డు కొన్నా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాడు. బియ్యం కొంటే నాలుగు గింజలు పంటి కింద వేసి కొరుకుతాడు. దారిలో ఎవరైనా ఎదురై "బాగున్నావా?" అని అడిగితే, "ఏం, బాగోలేనని ఎవరైనా చెప్పారా?" అంటాడు. ఇలాంటి మనిషితో ఒకే కప్పు కింద ఇన్నేళ్లు వేగినందుకు నాకు స్వర్గంలో ముందు వరసలో పీట వెయ్యాలి.

పుట్టుకతో వచ్చిన గుణం కొంత, చేసే పని నేర్పింది కొంత. మా ఊరు ముంతిలాన్‌లో సగం మంది రాయి మీదే బతుకుతారు. మెరాపి కొండ కక్కిన నల్లరాయితో దర్మాజి సంబల్ కారం నూరే రాతి పళ్లాలు చెక్కుతాడు. ఉలి పెట్టేముందు రాయిని తట్టి వింటాడు. లోపల పగులుంటే చప్పుడులో తెలిసిపోతుంది. రాయి విషయంలో అది మంచి పద్ధతే, కాదనను. మనుషుల్ని కూడా అలాగే తట్టి చూస్తే ఎవరు నిలబడతారు? వయసులో ఉండగా రెండు సంబంధాలు చూశాం. మొదటి పిల్ల నవ్వుతూ పక్కకి చూసిందట, "ఏదో దాస్తున్నారక్కా" అన్నాడు. రెండో పిల్ల అసలు నవ్వనే లేదట, "దాస్తున్నదేదో పెద్దదే" అన్నాడు. ఇక నేను చేతులెత్తేశాను. నా మొగుడు పోయాక నేనూ పుట్టింటికే వచ్చి, వాడి రాళ్ల కొట్టం ముందు అన్నం, సోయాగింజల టెంపె వేపుడు పెట్టుకుని అమ్ముతున్నాను.

పెళ్లి ఊసు లేని ఆ ఇంట్లోకి తొమ్మిదేళ్ల కిందట రెండు కొండచిలువ పిల్లలొచ్చాయి. మగెలాంగ్ నుంచి ఒకాయన తెచ్చాడు. సుమత్రా అడవుల జాతి. పొట్టిగా, లావుగా, ఆరిన నెత్తురు రంగులో ఉంటాయి. నేను గుండెలు బాదుకున్నాను. "పాము అబద్ధం చెప్పదక్కా. ఆకలేస్తే తింటుంది, కోపమొస్తే కరుస్తుంది" అన్నాడు మా వాడు. ఆడదానికి న్యోన్యా అని పేరు పెట్టాడు, అంటే దొరసాని. తిని పడుకోవడం తప్ప ఏ పనీ చెయ్యదని మగదానికి లూరా అని పేరు పెట్టాం, అంటే ఊరి పెద్ద.

న్యోన్యా ఎదిగింది, లూరా ఎదిగింది. అవి గుడ్లు పెట్టాలని మా వాడికి ఆశ పుట్టింది. మూడు వానాకాలాలు ఒక్క పెట్టెలో పెట్టి చూశాడు. ఒకటి ఈ మూల, ఇంకోటి ఆ మూల. అప్పుడు మొదలైంది వాడి దర్యాప్తు. ముందు అమ్మిన ఆయన మీద పడ్డాడు. రెండూ అన్నాచెల్లెళ్లేమో, రెండూ ఆడవేమో అని. పాములు పెంచేవాళ్ల సంఘంలో పెద్దాయన చూసి, ఒకటి ఆడది, ఒకటి మగది, వేర్వేరు తల్లులవి అని తేల్చాడు. ఆయన మాట మీదా అనుమానమే, ఇంకొకరికి చూపించాడు. తర్వాత ఎలుకలమ్మేవాడి మీద పడ్డాడు, పాచిపోయిన అన్నం పెట్టి పెంచిన ఎలుకలు కట్టబెడుతున్నాడని. తర్వాత నా మీద! నేను రొయ్యల ముద్ద వేయిస్తే ఆ ఘాటుకి పాములకి మనసు విరిగిపోతోందట.

"ఒరేయ్, పదిమందికి అన్నం పెట్టే చేతులురా ఇవి. నీ ఊరి పెద్దకి చేతకాకపోతే నా సంబల్ ఏం చేసింది?" అన్నాను.

"నేనేం అన్లేదక్కా. అడిగానంతే" అన్నాడు, కానీ నా బాణలి వైపు చూసే చూపు మారలేదు.

వాటిని దగ్గర చెయ్యడానికి వాడు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. తడి గోనెలు కట్టి గది చల్లబరిచాడు. రెండు నెలలు మేత తగ్గించాడు. సంఘంలో ఎవరో చెప్పారని ఇంకో మగపాము విడిచిన కుబుసం తెచ్చి పెట్టెలో వేశాడు, ఆ వాసనకి లూరాకి రోషం పుడుతుందని. లూరా దాన్ని పక్క వేసుకుని హాయిగా పడుకుంది. చివరికి వాన చప్పుడుంటే కలుస్తాయని నన్ను నిచ్చెనెక్కించి, పూలకుండీలకి పోసే డబ్బాతో రేకు మీద నీళ్లు పోయించాడు. ఈ వయసులో, రైకంతా తడుపుకుని, పాములకి శోభనం చేయిస్తున్నాను! వీధిలో వాళ్లంతా చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆ నాలుగో ఏడు పెద్దాయన మళ్లీ వచ్చి న్యోన్యా కడుపు నిమిరి చూశాడు. "కొవ్వు పట్టేసింది పాక్ దర్మాజి. ఈ వానాకాలం కూడా దాటిపోతే దీని మీద ఆశ వదులుకోండి" అన్నాడు. పాక్ అంటే మా వైపు గారు అన్నమాట. ఆయన వెళ్లాక మా వాడు చాలాసేపు పెట్టె దగ్గరే కూర్చున్నాడు.

"నా చేత్తో చేసినవన్నీ రాళ్లేనక్కా. నా ఇంట్లో కూడా కదిలేదొకటి పుట్టాలని ఉండదా?" అన్నాడు.

వాడు ఎప్పుడూ అలా మాట్లాడడు. రేకు మీద నీళ్ల పనికి నేను మళ్లీ నిచ్చెనెక్కాను, ఎవరు నవ్వినా సరే అని.

డబ్బా నీళ్లు చాలవట. నిజమైన మొదటి వాన రావాలట. వాన ముందు గాలి బరువెక్కుతుంది చూడండి, అది పాములకి మనకన్నా ముందే తెలుస్తుందట. ఆ ఏడు పెళ్లిళ్ల నెల బెసార్ సరిగ్గా మొదటి వానల్లోనే పడింది. కొండ మీద మబ్బు కమ్మేది, గాలి ఆగేది, పెట్టెలో లూరా తలెత్తేది. గంట గడిచేసరికి మబ్బు విడిపోయి ఎండ కాసేది. లూరా తల దించేసి పడుకునేది. ఇలా ఒకసారి కాదు, నాలుగుసార్లు.

మా వాడు బొగ్గుతో గోడ మీది క్యాలెండర్‌లో గీతలు పెట్టాడు. నాలుగు మబ్బులు, నాలుగు పెళ్లిళ్లు. నాలుగు పెళ్లిళ్లలోనూ వాన ఆపడానికి కూర్చున్నది ఒక్కడే, జుమెనో.

జుమెనో అంటే పరాయివాడు కాదు. మా కొట్టంలో మా వాడి పక్క రాయి మీదే నలభై ఏళ్లుగా ఉలి పట్టినవాడు. రెండేళ్లు పెద్ద, అందుకని మా వాడు కాంగ్ అని పిలుస్తాడు, అన్న వరసలో. వాన ఆపడం వాళ్ల నాన్న నుంచి వచ్చిన విద్య. పెళ్లి పందిరి వెనక ఈనెల చీపురు తలకిందులుగా పాతి, ఈనెలకి ఎర్ర మిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు గుచ్చి, లవంగాల సిగరెట్టు పొగ ఆకాశంలోకి ఊదుతూ కూర్చుంటాడు. పందిరి విప్పేదాకా మంచినీళ్లు ముట్టడు, స్నానం చెయ్యడు. ఒంటి మీద చుక్క నీరు పడితే పైనుంచి కూడా పడుతుందని వాళ్ల లెక్క.

ఒకరోజు మధ్యాహ్నం నా దగ్గర అన్నానికి అందరూ కూర్చున్నప్పుడు మా వాడు కదిపాడు.

"కాంగ్, ఈ నెలకి చీపురు పక్కన పెట్టు."

"ఏంట్రా?"

"నా పాములకి వాన కావాలి. నువ్వు తోలేస్తున్నావు."

జుమెనో నవ్వాడు. "వాన నా మేనల్లుడేంట్రా, రమ్మంటే రావడానికి, పొమ్మంటే పోవడానికి?"

"రమ్మనమనట్లేదు. పొమ్మనకు అంటున్నాను."

"పెళ్లివాళ్లకి మాటిచ్చాను కదరా. శనివారం కూడా ఒకటుంది. ఆ తర్వాత మా సెకార్ పెళ్లి. అయిపోయాక నీ ఇష్టమొచ్చినంత కురవనీ."

"అప్పటికి గాలి మారిపోతుంది. నీకు తెలుసు. తెలిసే చేస్తున్నావు. మూడేళ్లుగా ఇదే చేస్తున్నావేమో, నాకిప్పుడు తెలిసింది."

తింటున్నవాళ్లంతా తలలెత్తి చూశారు. నేను గరిటె పట్టుకుని, "దర్మాజీ, నోరు మూసుకో" అని అరిచాను. వాడు వింటేగా!

"ఊరందరి పెళ్లిళ్లకీ ఆపుతావు. నీ కూతురి పెళ్లికైతే కళ్లల్లో వత్తులేసుకుని ఆపుకుంటావు. నా ఇంట్లో ఒక్క శుభం జరగనివ్వవు. నువ్వేం స్నేహితుడివి?"

జుమెనో పళ్లెంలో అన్నం సగం అలాగే ఉంది. చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు నేనే ఆయన రాయి దగ్గరకెళ్లి సర్దిచెప్పాను. "వాడి మాట పట్టించుకోకు. ఆ ఆడపాముకి ఇదే ఆఖరి వానాకాలమట. ఆ బెంగలో మతి తప్పి వాగుతున్నాడు" అన్నాను. ఆయన ఉలి ఆపకుండా విన్నాడు.

శనివారం పెళ్లికి వాన రాలేదు. ఇక మిగిలింది సెకార్ పెళ్లి. తల్లి లేని పిల్ల, జుమెనోకి ఒక్కగానొక్క కూతురు. మా వాడు రానని భీష్మించుకుని కూర్చున్నాడు. నేనే వెళ్లాను.

వెళ్లగానే నాకేదో తేడా కొట్టింది. పందిరి వెనక చీపురు లేదు.

"నీ చీపురేది?" అని అడిగాను.

"మర్చిపోయాను" అన్నాడు జుమెనో.

"ఎక్కడ మర్చిపోయావు? ఇది నీ ఇల్లే కదయ్యా!"

దగ్గరకెళ్తే గుప్పుమని సబ్బు వాసన. తల ఇంకా తడిగా ఉంది. నలభై ఏళ్లుగా ఊరందరి పెళ్లిళ్లలో చెమట కంపుతో కూర్చున్న మనిషి, సొంత కూతురి పెళ్లినాడు శుభ్రంగా తలారా స్నానం చేసి నిలబడ్డాడు! దర్మాజితో ఉండి ఉండి నాకూ ఆ జబ్బు అంటుకుందేమో గానీ, ఏదో ఉందని ఆ క్షణమే అనిపించింది. అడుగుదామంటే బంధువులు చుట్టుముట్టారు.

రెండు గంటలకి దిగింది వాన. వాన కాదది, కొండ మీద నుంచి ఎవరో కుండలతో కుమ్మరించినట్టు. పందిట్లో నీళ్లు నిలిచాయి, గుడ్డ కప్పు ఒక పక్క కూలిపోయింది, అన్నం గంగాళంలో నీళ్లు చేరాయి. సెకార్ నుదుటి మీద పెళ్లికూతురి అలంకారంగా దిద్దిన నల్ల రంగు కరిగి ముక్కు దాకా కారింది. పెళ్లికొచ్చినవాళ్లు ఒకళ్లనొకళ్లు గిల్లుకుని నవ్వారు. "పాక్ జుమెనో, సొంతింటి వాన దగ్గర మీ మిరపకాయలు పనిచెయ్యలేదా?" అని ఎవడో గట్టిగా అరిచాడు కూడా.

సెకార్ తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఊళ్లో ఏ పిల్ల పెళ్లీ తడవలేదు నాన్నా. నాకు ఒక్కదానికే ఇలా ఎందుకు చేశావు?" అంది. ఆ పిల్ల ఆ రోజే మొగుడితో అత్తారి ఊరు తెమంగ్గుంగ్ వెళ్లిపోయింది. బండెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు.

నేను ముద్దగా తడిసి ఇంటికొచ్చేసరికి మా వాడు పాముల గదిలో నేల మీద కూర్చుని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గరకి రమ్మని సైగ చేశాడు. పెట్టెలో లూరా, న్యోన్యా ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి, తోకలు కలిసిపోయి. మా వాడి గడ్డం మీద నుంచి కన్నీళ్లు కారుతున్నాయి. నాకూ ఆగలేదు.

"పెళ్లి తడిసింది" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

మా వాడి మొహం వెలిగిపోయింది. "అల్లా చూశాడక్కా! వాడి విద్య పోయింది!"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందిరా. చీపురే పెట్టలేదు వాడు."

"పెట్టలేదా?" కళ్లు చిన్నవి చేశాడు. "అయితే ఇందులో ఏదో ఎత్తుంది."

ఆ తర్వాత జుమెనోని వాన ఆపడానికి ఎవరూ పిలవలేదు. సొంత కూతురి పెళ్లి కాపాడుకోలేనివాడు మనదేం కాపాడతాడని పక్క ఊరివాణ్ణి పెట్టుకున్నారు. రోజూ నా దగ్గరే ఒక్కడూ తినేవాడు. ఆయన రాగానే మా వాడు పళ్లెం పట్టుకుని లోపలికి లేచిపోయేవాడు. సెకార్ ఒక్కసారి కూడా పుట్టింటికి రాలేదు.

న్యోన్యా నాలుగో నెలలో పదహారు గుడ్లు పెట్టింది. మా వాడు వాటిని తడి నాచులో సర్ది, థర్మోకోల్ పెట్టెలో పెట్టి, బల్బు వెలిగించి, ఆ గదికి తాళం వేసి తాళం చెవి మెడలో వేలాడదీసుకున్నాడు. నన్ను కూడా రానిచ్చేవాడు కాదు, నా చేతికి ఉల్లి వాసనట. ఉలి పట్టడం మానేశాడు. మొదటి పిల్ల బయటికి రావడం తన కళ్లతో చూడాలి, ఇంకేం అక్కర్లేదు అనేవాడు. పిల్లలు ఏ రోజు వస్తాయో, మా వాడు తాళం చెవి ఎవరి చేతికీ ఎలా ఇవ్వడో ఊరంతా కథలుగా చెప్పుకునేది. తెమంగ్గుంగ్ దాకా కూడా పాకింది.

గుడ్లు పెట్టిన అరవయ్యో రోజు పొద్దున్న జుమెనో తింటుంటే ఎవడో కుర్రాడు, "పాక్, బట్టలు ఆరేసుకోమంటారా? మీరు చెప్పారంటే తడవడం ఖాయం" అని వెక్కిరించి పోయాడు. ఆయన తలొంచుకుని తింటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు, ఈయన మీదే.

"ఇవాళ చెప్పకపోతే రేపట్నుంచి నీకు పళ్లెం పెట్టను. ఆ రోజు స్నానం ఎందుకు చేశావు?"

"నువ్వు వాడికి చెప్తావు. వాడు నమ్మడు. ఎందుకులే వార్సినీ."

"చెప్పు."

అన్నం వేళ్లతో కెలికాడు. "వాడి పాముకి అదే ఆఖరి వానాకాలం అన్నావు కదా. మా పిల్లకి మంచి రోజులు ఇంకా బోలెడున్నాయనుకున్నాను."

"నిజంగా నీ చేతుల్లో ఉందా వాన?" అన్నాను.

"నాకేం తెలుసు? మా నాన్న చేసినట్టు చేస్తాను. ఆగితే ఆగుతుంది. ఎక్కడో నాకూ అనుమానమే. మీ దర్మాజి ఒక్కడే, నేను ఆపగలనని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. అంత నమ్మినవాడు అడిగితే ఎలా కాదంటాను?"

నేను గరిటె పడేసి లోపలికి వెళ్లాను. తలుపు దబదబా బాదాను. మా వాడు తెరిచి, "ష్‌... ఒకటి చీలిందక్కా, ఒక గుడ్డు చీలింది! సాయంత్రానికి తల బయట పెడుతుంది" అన్నాడు. ఆ సంతోషం చూసి ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను.

"ఇదంతా నీకు ఎవరు చెప్పారు? వాడే కదా?" అన్నాడు.

"వాడే."

"రుజువేంటి?"

"నా ముక్కు రుజువు! సబ్బు వాసన నేను చూశాను. చీపురు లేకపోవడం నా కళ్లతో చూశాను. నీకోసం కూతుర్ని పోగొట్టుకున్నాడ్రా ఆ పిచ్చి మనిషి. ఆరు నెలలుగా ఊరు వాడి మొహాన ఉమ్మేస్తుంటే ఒక్క మాట అనలేదు. నువ్వు పళ్లెం పట్టుకుని లేచిపోతున్నావు!"

మా వాడు గుడ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకేం అడుగుతాడో, ఏ సందు వెతుకుతాడో అని చూస్తున్నాను. ఏమీ అడగలేదు. పెట్టె మూత వేసి, తలుపుకి తాళం పెట్టి, నేరుగా జుమెనో దగ్గరికి నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను.

మెడలోంచి తాళం చెవి తీసి చాపాడు. "కాంగ్, గుడ్లు చీలుతున్నాయి. చూస్తూ ఉండు. నాచు ఆరిపోనివ్వకు. మూత ఊరికే తియ్యకు."

జుమెనో తాళం చెవి అందుకోలేదు. "ఏదైనా అయితే నా మీదకి తోస్తావేమో?"

"తొయ్యను. నాకు పనుంది, పోవాలి."

"ఇవాళా? మొదటిది ఇవాళ వస్తుంది కదరా. దాని కోసమే కదా ఇన్నేళ్లూ..."

"నువ్వు చూడు" అని తాళం చెవి ఆయన చేతిలో పెట్టి, గుప్పిట మూసి, బస్సు ఆగే చోటికి నడిచాడు మా వాడు.

నేనూ వెనకే వెళ్లి, వాడితో పాటు తెమంగ్గుంగ్ బస్సెక్కాను. సెకార్ అత్తారింటి అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. మమ్మల్ని చూసి లేచింది గానీ మొహంలో నవ్వు లేదు. మా వాడు కూర్చోలేదు, మంచినీళ్లు తీసుకోలేదు.

"మీ నాన్న వాన ఆపలేక కాదమ్మా, నాకోసం ఆపలేదు. నా పాములకి వాన కావాలని నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాను. అందుకని చీపురు పెట్టలేదు. నీ పెళ్లి తడిసింది నా వల్ల" అన్నాడు.

సెకార్ చిక్కుడుకాయ విరిచి బుట్టలో వేసింది. "ఇలా చెప్పమని మా నాన్న పంపాడా బాబాయ్?"

"లేదు."

"మరి నేనెలా నమ్మను? రుజువేముంది?"

మా వాడు నా వైపు చూశాడు. ముక్కు, సబ్బు అని నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏమీ లేదమ్మా" అన్నాడు. యాభై రెండేళ్ల మనిషి, బడిలో తప్పు చేసినవాడిలా అరుగు ముందు నిలబడ్డాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

సెకార్ ఇంకో కాయ తీసింది. విరవలేదు.

"మీ గుడ్లు ఈ వారంలోనే చిట్లుతాయని విన్నాను. ఎవరు చూస్తున్నారు?"

"మీ నాన్న."

"గది తాళం చెవి?"

"మీ నాన్న దగ్గరే ఉందమ్మా."

సెకార్ బుట్ట కింద పెట్టింది. మా వాడి బోసి మెడ వైపు కాసేపు అలాగే చూసింది. తర్వాత లోపలికి తిరిగి, "అత్తయ్యా, నేను మా ఇంటికి వెళ్తున్నాను" అని కేకేసి, చెప్పులు వేసుకుంది.